స్ట్రోక్ తర్వాత రాత్రి నిద్ర లేదు, పగలు ఓపిక లేదు

ప్రశ్న (కిరాణా కొట్టు, సామర్లకోట):
నాకు 54. నాలుగు నెలల కిందట ఎడమవైపు పక్షవాతం వచ్చింది. ఫిజియోథెరపీతో కాలు, చెయ్యి దారికొచ్చాయి. నీరసమే వదలట్లేదు. నిన్న అరకిలో కందిపప్పు తూస్తుంటే ఇంకొకరు ఉల్లిపాయల ధర అడిగారు. అంతే, కాటాలో ఎంత పోశానో గుర్తులేదు. పొట్లం కట్టి బియ్యం బస్తాల మీద కూలబడ్డాను. చేతులు కాదండీ, బుర్ర అలసిపోతోంది. రాత్రి పదింటికి పడుకుంటే రెండింటికి మెలకువ. ఇక పాలవాడు వచ్చేదాకా ఫ్యాను చూస్తూ ఉండటమే. పగలు మాత్రం మూడు గంటలు పడుకుంటాను. "బాగానే నడుస్తున్నావుగా, బద్ధకం" అంటాడు మా అన్నయ్య. మా మరదలు నిద్రకి వేసుకునే అల్ప్రాజోలం మాత్ర ఇంట్లో ఉంది. ఒకటి వేసుకోవచ్చా?

జవాబు (నర్సుని):
అన్నగారూ, ఆ మాత్ర ముట్టుకోకండి. మత్తులో బాత్రూమ్‌కి లేస్తే పడిపోతారు. ఈ నీరసం స్ట్రోక్ తర్వాత చాలామందికి ఉంటుంది, చిన్న స్ట్రోక్ వచ్చినవాళ్లకి కూడా. మీ అన్నయ్యకి ఇది చదివి వినిపించండి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్ చూపించుకోండి. బీపీకి మెటోప్రొలాల్ లాంటిది వాడుతుంటే దానివల్ల కూడా నీరసం రావచ్చు. అలాగని మీకు మీరే ఆపేయకండి, చీటీ పట్టుకెళ్లి డాక్టర్ని అడగండి. పగటి నిద్ర అరగంట చాలు, అదీ మూడింటిలోపే.

జవాబు (ఖమ్మం, మా ఆయనకి స్ట్రోక్ వచ్చి ఏడాదిన్నర):
గురక పెడతారా? మీకెలా తెలుస్తుంది, మీ ఆవిడని అడగండి. మా ఆయన గురక మధ్యలో ఆగిపోయేది. నేను లెక్కపెడుతూ కూర్చునేదాన్ని, ఒక్కోసారి ఇరవై దాకా. తర్వాత ఉలిక్కిపడి ఊపిరి తీసుకునేవారు. స్లీప్ స్టడీ (రాత్రి నిద్రలో చేసే పరీక్ష) చేసి స్లీప్ ఆప్నియా అన్నారు, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం. మాస్కులోంచి గాలి పంపే సీప్యాప్ మిషన్ ఇచ్చారు. మొదటి వారం మాస్కు విసిరికొట్టారు. నెలకి అలవాటైంది. నీరసం పూర్తిగా పోలేదు కానీ, అన్నం కంచం ముందు తూలడం లేదు.

ప్రశ్న అడిగినవారు:
అడిగానండీ. "గురకా? పక్కింటివాళ్లే అడిగారు" అంది. మధ్యలో ఆగుతుందట, ఆగినప్పుడల్లా భయపడి మోచేత్తో పొడుస్తోందట! నా రెండింటి మెలకువలో సగం ఆవిడదే అన్నమాట. సోమవారం ఇద్దరం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం. కొట్టు పన్నెండు నుంచి నాలుగు దాకా మూసేస్తున్నాను.