చర్చి లైవ్‌కి గోడకి బిగించే పీటీజెడ్ కెమెరానా, మిర్రర్‌లెస్సా? లక్షన్నరలో ఏది నయం?

గ్యాలరీ తమ్ముడు:
అందరికీ వందనాలు. మాది కృష్ణా జిల్లాలో ఒక సంఘం, ఆదివారం మూడు వందల మంది దాకా వస్తారు. ఇన్నాళ్లూ ఫోన్ని స్టాండుకి తగిలించి యూట్యూబ్‌లో లైవ్ ఇస్తున్నాం. ముందు పెడితే కూర్చున్నవాళ్లకి అడ్డం, వెనక పెడితే అయ్యగారు అగ్గిపుల్లంత కనిపిస్తారు. కమిటీ లక్షన్నర వరకు ఒప్పుకుంది. యూత్ వాళ్లు మిర్రర్‌లెస్ (లెన్సులు మార్చుకునే ఫొటో కెమెరా) కొందాం అంటున్నారు. ట్రెజరర్ గారేమో పీటీజెడ్ (అంటే పాన్-టిల్ట్-జూమ్) బిగిస్తే కింద కూర్చుని రిమోట్‌తో తిప్పుకోవచ్చు, జూమ్ చేసుకోవచ్చు కదా అంటారు. బాల్కనీ నుంచి పుల్పిట్‌కి అరవై అడుగులు. వాడినవాళ్లు చెప్పండి.

పెళ్లి కెమెరా:
మిర్రర్‌లెస్సే తమ్ముడూ, ఆలోచించక్కర్లేదు. మన మందిరాల్లో వెలుతురంటే నాలుగు ట్యూబ్‌లైట్లు, రెండు ఫోకస్‌లు. పీటీజెడ్‌లో సెన్సర్, అంటే బొమ్మని పట్టే చిప్పు, చాలా చిన్నది, సాయంత్రం కూడికలో బొమ్మంతా చుక్కలు చుక్కలుగా వస్తుంది. పైగా గోడకి బిగించింది చెరువు దగ్గర బాప్తిస్మానికి రాదు, గ్రౌండ్‌లో ఉజ్జీవ సభలకి రాదు, పెళ్లికి అసలే రాదు. డబ్బు పెట్టి కొన్నది ఆదివారం రెండు గంటలకేనా?

కేబుల్ అన్న:
పెళ్లి కెమెరా గారూ, అరవై అడుగుల మాట వదిలేశారు. అంటే పద్దెనిమిది మీటర్లు. అక్కడి నుంచి అయ్యగారు నడుము పైభాగం వరకు ఫ్రేము నిండా రావాలంటే ఏపీఎస్-సీ సైజు సెన్సర్ ఉన్న మిర్రర్‌లెస్ బాడీకి దాదాపు 200 ఎంఎం లెన్సు కావాలి. డబ్బాలో వచ్చే 18-55 ఎంఎం లెన్సు చాలదు. మనకి అందే ధరలో ఉన్న జూమ్ లెన్సులు అక్కడికి వెళ్లేసరికి ఎఫ్ 5.6 దగ్గరుంటాయి (ఈ ఎఫ్ అంకె పెరిగేకొద్దీ వెలుతురు తగ్గుతుంది). ఎఫ్ 2.8తో పోలిస్తే లోపలికొచ్చే వెలుతురు నాలుగో వంతే. పెద్ద సెన్సర్ ఇచ్చిన లాభంలో అంత భాగం లెన్సు దగ్గరే పోయింది. అదే దూరానికి పీటీజెడ్‌లో పన్నెండు రెట్ల జూమ్ బొటాబొటిగా సరిపోతుంది, ఇరవై రెట్లదైతే ఇంకా మిగులుతుంది. కాగితం మీద ఆప్టికల్ జూమ్, అంటే లెన్సుతో చేసే అసలు జూమ్, ఎంతో చూసుకోండి. డిజిటల్ కూడా కలిపి పెద్ద అంకె వేసి అమ్మేవాళ్లున్నారు.

ఇక వైరు సంగతి. మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్ పది, పదిహేను మీటర్లు దాటితే నమ్మలేం. బాల్కనీ నుంచి గోడ వెంట తిప్పి మిక్సర్ దగ్గరికి తెచ్చేసరికి దానికి రెండింతలు అవుతుంది. ఎస్‌డీఐ (టీవీ వాళ్లు వాడే వీడియో కేబుల్) అయితే వంద మీటర్ల దాకా లాగొచ్చు. పీఓఈ (నెట్‌వర్క్ కేబుల్లోనే కరెంటు ఇచ్చే పద్ధతి) ఉన్న పీటీజెడ్‌కి పీఓఈ స్విచ్ నుంచి నెట్‌వర్క్ కేబుల్ ఒక్కటి చాలు, కరెంటూ కంట్రోలూ బొమ్మా అన్నీ అందులోనే. ఆ స్విచ్చినీ రౌటర్నీ యూపీఎస్ మీద పెట్టండి. వాక్యం మధ్యలో కరెంటు పోయినా ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద లైవ్ నడుస్తూనే ఉంటుంది.

పెళ్లి కెమెరా:
లెక్క ఒప్పుకుంటా. కానీ నాలుగో వంతుకి తగ్గినా పెద్ద సెన్సర్ ఇంకా ముందే ఉంటుంది, అది కూడా చెప్పాలి కదన్నా. అసలు బాల్కనీలోనే ఎందుకు? పక్క స్తంభం దగ్గర, ఇరవై అయిదు అడుగుల్లో ట్రైపాడ్ వేస్తే 85 ఎంఎం సరిపోతుంది. దానికి ఎఫ్ 1.8 లెన్సు దొరుకుతుంది.

స్త్రీల మైత్రి:
ఆ స్తంభం పక్కన కూర్చునేది మేమే బాబూ. చాపల మీద పిల్లల్ని వేసుకుని కూర్చుంటాం. ట్రైపాడ్ కాలు లాగకుండా ఏ బుడ్డోడైనా ఊరుకుంటాడా?

మా చర్చిలో పీటీజెడ్ ఉంది. ఆటో ట్రాకింగ్, మనిషి కదిలితే కెమెరా దానంతటదే తిరుగుతుంది అని గొప్పగా చెప్పి అమ్మారు. కానుకల సంచి పట్టుకుని సంఘపెద్ద ఒకాయన బల్ల ముందు నుంచి నడిచారు, కెమెరా ఆయన వెంట పడింది. అయ్యగారి ప్రార్థన వినబడుతోంది, లైవ్‌లో చూస్తే పెద్దాయన వీపు. ఆ సెట్టింగ్ తీసేయించాం. ఇప్పుడు ముందే సేవ్ చేసి పెట్టిన నాలుగే ప్రీసెట్లు: పుల్పిట్, క్వయిర్, బల్ల, మొత్తం వేదిక. డిగ్రీ చదివే అమ్మాయి నంబరు నొక్కుతుంది, అంతే.

ఇంకో మాట. సాక్ష్యాలప్పుడు లైవ్ ఆపాలని మేం కమిటీలో పట్టుబట్టి తీర్మానం చేయించాం. ఒకామె భర్త తాగుడు గురించి ఏడుస్తూ చెప్పుకుంటే అది యూట్యూబ్‌లో చుట్టాలంతా చూడాలా? మొహం కనబడితే ఇబ్బంది పడేవాళ్లూ ఉంటారు, కారణాలు అడగక్కర్లేదు. వెనక నుంచి తీస్తే జడలూ ముసుగులే వస్తాయి. అందుకైనా బాల్కనీయే మేలు.

కోనసీమ టు కువైట్:
మీరంతా పెట్టేవాళ్లు, నేను చూసేదాన్ని. మీ పది గంటల ఆరాధన ఇక్కడ ఏడున్నర. ఇంట్లోవాళ్లు లేచేలోపు వంటగదిలో ఫోను నీళ్ల బాటిల్‌కి ఆనించి పెట్టుకుంటాను. నిజానికి చూసేది తక్కువ, వినేదే ఎక్కువ. మా ఊరి చర్చిలో ఖరీదైన కెమెరా కొన్నారు, బొమ్మకి వంక పెట్టలేం. మాట మాత్రం ఫ్యాన్ల హోరులోంచి వస్తుంది. లక్షన్నరా కెమెరాకే పెట్టెయ్యకు తమ్ముడూ.

కేబుల్ అన్న:
అక్క చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. కెమెరా మైకు వాడొద్దు. మిక్సర్ మెయిన్ అవుట్ నుంచి లాగినా చిక్కే. హాల్లో డ్రమ్స్, క్వయిర్ వాటంతటవే గట్టిగా వినబడతాయని మిక్సర్లో తగ్గించి పెడతాం, లైవ్‌లో అవి మాయమైపోతాయి. మిక్సర్లో ఆక్స్ అని ఉండే వేరే అవుట్‌పుట్ నుంచి లైవ్‌కి విడిగా మిక్స్ తియ్యండి. జనం పాట కోసం పైనుంచి ఒక మైకు వేలాడదీసి, అది స్పీకర్లలోకి వెళ్లకుండా లైవ్‌కి మాత్రమే ఇవ్వండి. అది లేకపోతే మూడు వందల మంది పాడినా ఇంట్లో వినేవాళ్లకి అయ్యగారొక్కరే పాడుతున్నట్టుంటుంది. పెదవుల కంటే మాట ముందొస్తే ఓబీఎస్‌లో (ల్యాప్‌టాప్‌లో లైవ్ ఇచ్చే సాఫ్ట్‌వేర్) సింక్ ఆఫ్‌సెట్ ఉంది, ఆడియోని కాస్త వెనక్కి జరపండి.

ట్రెజరర్ లెక్కలు:
క్యామ్‌కార్డర్ని, అదే చేత్తో పట్టుకునే వీడియో కెమెరాని, ఎవరూ తలవలేదేం? సోనీ ఏఎక్స్43 లాంటి దానికి ఇరవై రెట్ల ఆప్టికల్ జూమ్ ఉంది, బాప్తిస్మానికీ పట్టుకెళ్లొచ్చు. పాత మిర్రర్‌లెస్‌లు చాలావరకు 29 నిమిషాల 59 సెకన్లకి రికార్డింగ్ ఆపేస్తాయి. అరగంట దాటితే యూరప్‌లో వీడియో కెమెరా కింద సుంకం పడేది కాబట్టి కంపెనీలు గీసుకున్న గీత అది. మన వాక్యం అరగంటలో ఏ ఆదివారం అయింది?

పెళ్లి కెమెరా:
ఆ గీత కార్డులో రికార్డింగ్‌కండీ, హెచ్‌డీఎంఐ నుంచి తీసే లైవ్‌కి చాలావాటిలో వర్తించదు. కొత్త మోడళ్లలో ఎత్తేశారు కూడా. వేడెక్కడం అంటారా, అది ఉంది. మే నెలలో రేకుల కప్పు కింద అయితే గ్యారంటీ ఇవ్వను.

కేబుల్ అన్న:
క్యామ్‌కార్డర్ తప్పేం కాదు. కానీ దాని వెనక ప్రతి ఆదివారం ఒక కుర్రాడు నిలబడాలి. వాడు ఆరాధనకి వచ్చినట్టా, డ్యూటీకి వచ్చినట్టా? పరీక్షలొస్తే వాడు రాడు, ఆ వారం లైవ్ ఎవరు చూస్తారు? నన్నడిగితే ఇరవై రెట్ల పీటీజెడ్ ఒకటి, మిగతాది సౌండుకి.

గ్యాలరీ తమ్ముడు:
కమిటీ కూడా అటే మొగ్గుతోంది. డీలర్ డెమో ఇస్తానన్నాడు. ఏం చూడాలి?

కేబుల్ అన్న:
షాపులో వద్దు. మీ మందిరంలోనే, ఆరాధన టైముకే, కిటికీలు తెరిచి పెట్టించండి. ముందు యాంటీ ఫ్లికర్ (లైట్ల మినుకు ఆపే సెట్టింగ్) 50 హెర్ట్జ్‌కి, ఫ్రేమ్ రేటు 25కో 50కో మార్చమనండి. మన కరెంటు 50 హెర్ట్జ్. కెమెరాని 60 మీదే వదిలేస్తే ట్యూబ్‌లైట్ల కింద బొమ్మలో నల్ల పట్టీలు పాకుతుంటాయి. తర్వాత అయ్యగారిని తెల్ల చొక్కాలో తెల్ల గోడ ముందు నిలబెట్టండి. ఆటోలో ఉంటే ఆ తెలుపంతా చూసి కెమెరా వెలుతురు తగ్గించేస్తుంది, మొహం నల్లబడిపోతుంది. ఎక్స్‌పోజర్ (బొమ్మ వెలుతురు) మొహానికి సరిపెట్టి లాక్ చెయ్యడం వాడు మీ కళ్లముందు చేసి చూపిస్తేనే అడ్వాన్సు ఇవ్వండి.

పెళ్లి కెమెరా:
నేను గుడివాడలోనే ఉంటా. ఆ రోజు నా మిర్రర్‌లెస్ బాడీ, 70-200 లెన్సు పట్టుకొస్తాను. రెండూ ఒకే టీవీలో మార్చి మార్చి చూద్దాం, అప్పుడు మాట్లాడదాం. ట్రైపాడ్ బాల్కనీలోనే వేస్తాలెండి అక్కా.