నడకకీ నిద్రకీ పాటల జాబితాలు: లయ, శబ్దం సరిచేయడం ఎలా?

చురుకైన నడకలో నిమిషానికి 110–120 అడుగులు పడతాయి కాబట్టి అదే వేగం పాటలు ఏరుతున్నాను. చిక్కల్లా, లయ లెక్కగట్టే యాప్ నిమిషానికి 60 తాళపు దెబ్బల పాటని 120 అని చూపిస్తోంది. తాళం వేస్తూ 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేస్తే సరిగ్గా తేలుతుంది గానీ, 300 పాటలకి అంత ఓపికా! తేలికదారి ఉందా?



అసలు తంటా నిద్ర జాబితాది. మెల్లని పాత రికార్డింగు వెనకే గట్టిగా మాస్టరింగ్ చేసిన (విడుదలకి ముందు శబ్దం బాగా పెంచిన) పాట వస్తే మెలకువే. కలగలుపు జాబితా కనుక రీప్లేగెయిన్ ట్యాగులు (పాటని ఎంత శబ్దంతో వాయించాలో ప్లేయర్‌కి చెప్పే గుర్తులు) ట్రాక్ పద్ధతిలోనే, అంటే ఆల్బమ్ మొత్తానికి కాక ఒక్కో పాటకి విడిగా వేశాను. అది పాట మొత్తాన్ని ఒకే మోతాదులో పెంచుతుంది లేదా తగ్గిస్తుంది, లోపలి ఎత్తుపల్లాలు అలాగే ఉంటాయి. దీనికి కంప్రెసర్ (పాట లోపలి పెద్ద శబ్దాలని అణిచే సాధనం) ఉన్న ఫోన్ ప్లేయర్ ఏది? అణిచే నిష్పత్తి 3:1 (పరిమితి దాటిన ప్రతి 3 డెసిబెళ్లని 1కి తగ్గించేది) చాలా, ఇంకా పెంచాలా?