ప్లాటినం ఉపరితలం: గరుకుతనమా, ఖాళీలా? ఎలా తేల్చాలి?

ఉపరితల ఎక్స్‌రే డిఫ్రాక్షన్ (ఎక్స్‌రేలు చెదిరే తీరుబట్టి ఉపరితలంలో పరమాణువుల అమరిక తెలుసుకునే పద్ధతి) చేసినవాళ్లుంటే కాస్త సాయం చేయండి. ప్లాటినం (111) స్ఫటికం మీద సింక్రోట్రాన్‌లో (చాలా తీవ్రమైన ఎక్స్‌రేలిచ్చే యంత్రం) (1 0 ఎల్) ట్రంకేషన్ రాడ్ కొలిచాం. అంటే స్ఫటికం ఉపరితలం దగ్గర తెగిపోవడం వల్ల బ్రాగ్ పీకుల మధ్య గీతలా పరుచుకునే తీవ్రత; ఎల్ ఆ గీత వెంట, ఉపరితలానికి లంబంగా ఉండే స్థానం. ఎల్ 1, 4 దగ్గర బ్రాగ్ పీకులు (లోపలి పొరలన్నీ కలిసి ఇచ్చే బలమైన శిఖరాలు) బాగానే వచ్చాయి. వాటి నడుమ, 2.5 దగ్గర మాత్రం తీవ్రత నునుపైన ఉపరితలానికి రావాల్సిన దాంట్లో సుమారు 30 శాతమే. రాబిన్సన్ 1986 నాటి మోడల్‌లో బీటా (గరుకుతనాన్ని చెప్పే సంఖ్య, 0 అంటే పూర్తి నునుపు) 0.3 పెడితే సరిపోతోంది. కానీ పైపొరలో దాదాపు నాలుగో వంతు పరమాణువులు లేవనుకున్నా (ఖాళీలున్నాయనుకున్నా) అక్కడ అదే విలువ వస్తోంది! అసలు టెన్షన్ ఇదే. మా గైడ్‌గారు బీటానే, అంటే గరుకుతనమనే రాసేయమంటున్నారు, నాకు నమ్మకం కుదరడం లేదు.

మిగతా రాడ్ ఆకారాన్ని బట్టి గరుకుతనాన్నీ ఖాళీలనీ విడదీయొచ్చా? రాకింగ్ స్కాన్‌లో (స్ఫటికాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ తీసే కొలతలో) పీకు కింద వెడల్పాటి డిఫ్యూజ్ (చెదిరి పరుచుకున్న) భాగం కూడా ఉంది. దాన్ని బ్యాక్‌గ్రౌండ్‌గా తీసేయాలా, లేక దాని వెడల్పు నుంచి ఉపరితలం మీద పరమాణువులు గుంపులుగా ఏర్పడ్డ దీవుల మధ్య దూరం లెక్కకట్టాలా?