నాన్నకి ఈసినోఫిల్స్ 3,800, ఏ పరీక్షలు చేయించాలి?

గోదారమ్మాయి:
మా నాన్నకి 54 ఏళ్ళు. పొలం పని, కాళ్ళకి చెప్పులుండవు. రెండు నెలలుగా దగ్గు, పగలు పెద్దగా తెలీదు గానీ అర్ధరాత్రి దాటాక మొదలైతే మంచం మీద లేచి కూర్చోవాల్సిందే, పిల్లికూతలు కూడా. రక్తపరీక్షలో ఏఈసీ (ఈసినోఫిల్స్ అనే తెల్లకణాల లెక్క) 3,800 వచ్చింది. ఊళ్ళో డాక్టరు "ఇస్నోఫీలియా, అలర్జీ" అని సిట్రిజిన్ రాసి పంపేశారు. నెట్‌లో చూస్తే క్యాన్సర్ దాకా పోయింది. ఒకటే టెన్షన్.

ల్యాబ్ మనిషి:
మామూలుగా 500 లోపు ఉండాలి. కాస్త పెరిగితే చాలాసార్లు అలర్జీ, ఆస్తమా, నులిపురుగులే. 1,500 దాటి, మళ్ళీ చేసినా అలాగే ఉంటే మాత్రం కారణం వెతకాల్సిందే. మలపరీక్ష ఒకసారి నెగెటివ్ వచ్చిందని వదిలేయకండి, వేర్వేరు రోజుల్లో మూడు శాంపిల్స్ ఇవ్వండి.

విజయవాడ పిన్ని:
మావారికి ఇలాగే ఉంటే స్టెరాయిడ్ మాత్రలిచ్చారమ్మా, వారంలో కౌంట్ దిగిపోయింది. అడిగి చూడు.

డ్యూటీ డాక్టర్:
పిన్నిగారూ, ఆ సలహా వద్దండీ. స్టెరాయిడ్ పడితే కారణం ఏదైనా కౌంట్ దిగుతుంది, జబ్బు దొరకదు. పైగా వట్టికాళ్ళతో మట్టిలో తిరిగేవాళ్ళకి స్ట్రాంగిలాయిడిస్ అనే పురుగు చర్మంలోంచి ఎక్కి ఏళ్ళ తరబడి చడీచప్పుడు లేకుండా ఉండొచ్చు, స్టెరాయిడ్‌తో అది ఒళ్ళంతా పాకి ప్రాణం మీదికి తెస్తుంది.

అమ్మాయ్, 3,000 పైన కౌంట్, రాత్రిపూట దగ్గు, గోదావరి ప్రాంతం అంటే నాకు ముందు తట్టేది ఫైలేరియా. కాలు వాచి ఉండక్కర్లేదు. ఊపిరితిత్తుల్లో చిక్కుకున్న ఫైలేరియా పిల్లపురుగుల మీద ఒళ్ళు విరుచుకుపడుతుంది, ఆ గొడవకే దగ్గు. అందుకే రాత్రి రక్తం తీసినా పురుగు కనపడదు. ఛాతీ ఎక్స్‌రే, ఐజీఈ (అలర్జీకి, పురుగులకి రక్తంలో పెరిగే యాంటీబాడీ), ఫైలేరియా యాంటీబాడీ పరీక్షలు అడగండి. అదే అయితే డీఈసీ అనే ఫైలేరియా మాత్రలు మూడు వారాలు, డోసు డాక్టరే రాయాలి. క్యాన్సర్ అనుమానానికి చేసే ఎముక మజ్జ పరీక్ష మాట ఇవన్నీ అయ్యాకే. గుండెనొప్పి, తిమ్మిర్లు, బరువు తగ్గడం ఉంటే మాత్రం ఆలస్యం చేయొద్దు. ఇంకేం మందులు వాడుతున్నారు?

గోదారమ్మాయి:
మాత్రల కవరు చూశా సార్. బీపీ మాత్ర పాతదే. యూరిక్ యాసిడ్‌కని ఆల్లోప్యూరినాల్ ఉంది, మూడు వారాల కిందట మొదలుపెట్టారట, మాకు చెప్పలేదు.

డ్యూటీ డాక్టర్:
దగ్గు ముందు, మాత్ర తర్వాత కాబట్టి దగ్గు దానివల్ల కాదు. కానీ కౌంట్ పెంచే మందుల్లో అదొకటి. జ్వరం, దద్దుర్లు, మొహం వాపు ఉంటే ఇవాళే ఆసుపత్రికి.

గోదారమ్మాయి:
అవేవీ లేవు సార్. సోమవారం కాకినాడలో ఛాతీ డాక్టరుకి చూపిస్తాం, కవరు కూడా పట్టుకెళ్తాం.