సాఫ్టా (దక్షిణాసియా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం) వచ్చి ఇన్నేళ్లయినా పక్క దేశాలతో మన వ్యాపారం ఎందుకు పెరగలేదు?

మూడో_అటెంప్ట్:
గ్రూప్-1 మెయిన్స్‌కి చదువుతున్నాను. సాఫ్టా మీద బిట్లన్నీ నోటికొచ్చు. 2004 జనవరిలో ఇస్లామాబాద్ సార్క్ సమావేశంలో సంతకాలు, 2006 జనవరి 1 నుంచి అమలు, భారత్, పాకిస్తాన్, శ్రీలంక ముందుగా, మిగతా చిన్న దేశాలు కాస్త ఆలస్యంగా సుంకాలు 0-5 శాతానికి దించాలి. ఇంతవరకు ఓకే. కానీ ప్రపంచ బ్యాంకు లెక్క చూస్తే దక్షిణాసియా దేశాలు తమలో తాము చేసుకునే వ్యాపారం వాటి మొత్తం వ్యాపారంలో సుమారు 5 శాతమే, ఆసియాన్ దేశాల్లో అది 25 దాకా ఉంది. సుంకం తగ్గించాక కూడా ఇలా ఎందుకు? పుస్తకాల్లో ‘రాజకీయ కారణాలు’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తున్నారు, అది రాస్తే నాకు మార్కులు పడవు. సరిహద్దు దగ్గర అసలేం జరుగుతుందో తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

పాత_సీహెచ్‌ఏ:
నేను 18 ఏళ్లు సీహెచ్‌ఏగా, అంటే కస్టమ్స్ హౌస్ ఏజెంట్‌గా, సరుకుల క్లియరెన్స్ పని చేశాను కాబట్టి నాకు తెలిసింది చెప్తా. సుంకం సున్నా అన్నది నోటిఫికేషన్‌లో ఉంటుంది. అది మీ సరుకుకి దక్కాలంటే సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ కావాలి, అంటే ఈ సరుకు నిజంగా ఆ దేశంలోనే తయారైందని అక్కడి అధికారి ఇచ్చే కాగితం. బయటి ముడిసరుకు వాడి చేసిందైతే మామూలుగా రెండు షరతులు: హెచ్‌ఎస్ కోడ్‌లో (సరుకు ఏ రకమో చెప్పే అంకెలు) మొదటి నాలుగంకెలు ముడిసరుకు కోడ్ నుంచి మారాలి, బయటి ముడిసరుకు విలువ ఎఫ్‌ఓబీ ధరలో (ఓడకెక్కించేదాకా అయ్యే ధర) 60 శాతం దాటకూడదు (శ్రీలంకకి 65, వెనకబడిన దేశాలకి 70).

ఒకసారి మా పార్టీకి, అంటే మా దిగుమతిదారుకి, పొరుగు దేశం నుంచి సరుకొచ్చింది. సర్టిఫికెట్ ఉంది, సీలు ఉంది, అన్నీ ఉన్నాయి. కానీ అక్కడ సంతకం పెట్టే ఆఫీసర్ మారాడు, కొత్తాయన సంతకం నమూనా ఇక్కడి కస్టమ్స్ వాళ్ల దగ్గరికి ఇంకా రాలేదు. అంతే, ఆగిపోయింది. పైగా ఇన్వాయిస్‌లో ఒక హెచ్‌ఎస్ కోడ్, సర్టిఫికెట్‌లో ఇంకోటి. బాండ్, బ్యాంకు గ్యారంటీ ఇచ్చి విడిపించుకునేసరికి సుంకంలో మిగిలిందానికన్నా డెమరేజే (సరుకు అక్కడ ఆగినందుకు కట్టే అద్దె) ఎక్కువైంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, అదన్నమాట.

2020 సెప్టెంబర్ 21 నుంచి కారోటార్ రూల్స్ (తక్కువ సుంకం అడిగే సరుకు నిజంగా ఎక్కడిదో తేల్చే మన కస్టమ్స్ రూల్స్) వచ్చాయి. ఇప్పుడు ఆ సరుకు ఎలా తయారైంది, ఏ ముడిసరుకు ఎక్కడిది అన్న వివరాలు దిగుమతిదారు కూడా దగ్గర పెట్టుకోవాలి, ఐదేళ్లు దాచాలి. అవతలి ఫ్యాక్టరీవాడు తన ఖర్చుల గుట్టు మనకెందుకు చెప్తాడండీ? రేపు మనమే పోటీకి రావచ్చు కదా.

కొబ్బరాకు:
సీహెచ్‌ఏ గారూ, మీ బాధ అర్థమైంది కానీ ఆ రూల్స్ ఊరికే రాలేదు. వనస్పతి సంగతి గుర్తుందా? భారత్-శ్రీలంక ఒప్పందం 2000లో అమల్లోకొచ్చాక, పామాయిల్ మీద మన దగ్గర సుంకం ఎక్కువ, అక్కడ తక్కువ కాబట్టి అక్కడ వనస్పతి ఫ్యాక్టరీలు లేచాయి, వాటిలో మనవాళ్ల పెట్టుబడీ ఉంది. శ్రీలంక పామాయిల్ దిగుమతి చేసుకుని, వనస్పతి చేసి, సుంకం లేకుండా మనకు పంపేది. చివరికి మనం కోటా పెట్టాల్సి వచ్చింది. రాగి లోహం విషయంలోనూ దాదాపు అదే గొడవ. నేపాల్‌లో పామాయిల్ తోటల్లేవు, అయినా అక్కడి నుంచి మనకు రిఫైన్డ్ నూనె ఎలా వస్తోందనుకుంటున్నారు? గేటు వెడల్పు చేస్తే వచ్చేది పక్కింటివాళ్లేనా, వాళ్ల వెనక ఇంకెవరైనా ఉన్నారా చూసుకోవాలి కదా.

లారీ_లెక్కలు:
ఇద్దరూ కాగితాల దగ్గరే ఆగిపోయారు. బెంగాల్ సరిహద్దులో మన పెట్రాపోల్ నుంచి బంగ్లాదేశ్ వైపు బేనాపోల్‌కి వెళ్లిన మన లారీ అక్కడి యార్డులో సరుకంతా దించేసి ఖాళీగా తిరిగి రావాలి, అక్కడి నుంచి బంగ్లాదేశ్ లారీలో మళ్లీ ఎక్కించాలి. బండ్లు నేరుగా పోయేలా బీబీఐఎన్ (బంగ్లాదేశ్, భూటాన్, ఇండియా, నేపాల్) ఒప్పందం 2015లో థింపూలో సంతకమైంది, భూటాన్ పార్లమెంటులోనే అది ఆగిపోయింది.

ఇంకోటి, సుంకం సున్నా అయినంత మాత్రాన వేరే రకంగా దారి మూసుకోదనేం లేదు. బంగ్లాదేశ్, నేపాల్ జనపనార సరుకుల మీద 2017లో యాంటీ డంపింగ్ డ్యూటీ (మరీ చౌకగా తెచ్చి పోసే సరుకు మీద అదనపు సుంకం) వేశాం. 2025 మేలో బంగ్లాదేశ్ రెడీమేడ్ బట్టలు ల్యాండ్ పోర్టుల నుంచి రాకూడదు, నవశేవ, కోల్‌కతా ఓడరేవుల నుంచే రావాలన్నారు. పాకిస్తాన్ సరుకుల మీద 2019లో పుల్వామా తర్వాత ఏకంగా 200 శాతం. కాబట్టి బ్రదర్, ఆ ‘రాజకీయ కారణాలు’ కొట్టేయకు, ఈ ఉదాహరణలతో రాయి.

మూడో_అటెంప్ట్:
అందరికీ థాంక్స్. మరి సెన్సిటివ్ లిస్ట్ (సుంకం తగ్గించకుండా పక్కన పెట్టిన వస్తువుల జాబితా) వల్లే సాఫ్టా దెబ్బతిందని మా కోచింగ్ సార్ అంటారు, నిజమేనా? ఇంకో చిన్న డౌట్, సీహెచ్‌ఏ గారూ, ఆ డెమరేజ్ చివరికి ఎవరు కట్టారు?

పాత_సీహెచ్‌ఏ:
ఒకప్పుడు అది పెద్ద సమస్యే. వెనకబడిన దేశాలకైతే మనం 2011లో ఆ లిస్టుని 25 వస్తువులకి తగ్గించాం, ఎక్కువగా మద్యం, పొగాకు లాంటివే మిగిలాయి. పాకిస్తాన్ విషయం వేరు, అక్కడ లిస్టు పెద్దదే.

డెమరేజ్ పార్టీయే కట్టాడు. ఆ తర్వాతి కన్‌సైన్‌మెంట్‌కి ఆయన సాఫ్టా ఊసే ఎత్తలేదు, ఆ సరుకు మీద మామూలు సుంకం కూడా కొద్దే, కట్టేసి రెండో రోజు తీసుకెళ్లిపోయాడు.