రూటర్ పాఠంలో ‘డినై’: ఒకే తెలుగు మాట సరిపోతుందా?

ప్రశ్న: హనుమకొండలో డిప్లొమా విద్యార్థుల కోసం రూటర్ పాఠాలను తెలుగులో రాస్తున్నాను. సిస్కో రూటర్లలో ప్రిఫిక్స్ లిస్టులోనూ (నెట్‌వర్క్ చిరునామాల జాబితా), రూట్ మ్యాప్‌లోనూ (రూట్లను ఏం చేయాలో వరుస నంబర్లతో చెప్పే నిబంధనల పట్టిక) వచ్చే పర్మిట్, డినై మాటలకు ‘అనుమతి’, ‘నిరాకరణ’ అని రాయవచ్చునా? పెద్దలు చెప్పగలరు.

జవాబు: నమస్కారం సార్. మాటలు మంచివే గానీ, రెండు చోట్లా అవే వాడితే విద్యార్థి పొరబడతాడు. ప్రిఫిక్స్ లిస్టును బీజీపీ (నెట్‌వర్కులు తమ రూట్లను ఒకదానికొకటి చెప్పుకునే పద్ధతి) పొరుగు రూటరుకు నేరుగా తగిలించినప్పుడు అందులోని డినై రూటును, అంటే ఒక చిరునామా సముదాయానికి వెళ్లే దారిని, నిజంగానే ఆపుతుంది. అదే లిస్టును రూట్ మ్యాప్ నిబంధనలో మ్యాచ్ (ఆ నిబంధన ఏ రూట్లకు వర్తించాలో చెప్పే షరతు) కింద పెడితే, డినై అన్నంత మాత్రాన రూటు ఆగదు. ఆ నిబంధన ఆ రూటుకు వర్తించదని తేలుతుంది, రూటర్ తర్వాతి నంబరు నిబంధనను చూస్తుంది.

రూట్ మ్యాప్‌లో 10వ నిబంధన డినై, 20వది ఏ షరతూ లేని పర్మిట్ అనుకుందాం. 10 కింద పెట్టిన లిస్టులో 192.0.2.0/24 అనే చిరునామా సముదాయానికి డినై రాశాం. రెండు డినైలను చూసిన విద్యార్థి ఆ రూటు తప్పక ఆగుతుందనుకుంటాడు. లిస్టు కాదన్నది కాబట్టి 10 దానికి వర్తించదు, 20 దాన్ని లోపలికి రానిస్తుంది. ఆపాలంటే లిస్టులో పర్మిట్ అనే రాయాలి.

అందుకని మ్యాచ్ కింది లిస్టుకు ‘వర్తించును, వర్తించదు’ అనీ, రూట్ మ్యాప్‌కు ‘మంజూరు, నామంజూరు’ అనీ రాయమని నా సూచన. తహసీలు ఆఫీసులో దరఖాస్తు పెట్టిన ప్రతి ఇంట్లోనూ మంజూరు, నామంజూరు తెలిసిన మాటలే. తుది నిర్ణయం అనే బరువు వాటిలో ఉంది. రెండింటి చివరా రాయకుండానే ఉండే డినైకి కూడా ఈ తేడా సరిపోతుంది: లిస్టులో లేని రూటుకు ఆ నిబంధన వర్తించదు, రూట్ మ్యాప్‌లో ఏ నిబంధనకూ తగలని రూటు నామంజూరవుతుంది.

ప్రశ్న: కృతజ్ఞతలు. ఫిల్టరింగ్‌కు ‘వడపోత’ అనవచ్చునా?

జవాబు: నిస్సందేహంగా అనవచ్చు. వడపోత లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి 2008 ఫిబ్రవరి ఘటనను పాఠంలో చేర్చండి. యూట్యూబ్ చిరునామాలైన 208.65.153.0/24కు దారి తనదేనని పాకిస్తాన్ టెలికాం ప్రకటించగా, దానికి ఇంటర్నెట్ అందించే పై నెట్‌వర్క్ ఆ ప్రకటనను వడపోయకుండా ప్రపంచానికి పంపింది. యూట్యూబ్ స్వయంగా ప్రకటిస్తున్నది /22, అంటే ఆ /24ను కలుపుకున్న పెద్ద సముదాయం; రూటర్లు మరింత నిర్దిష్టమైన /24నే ఎంచుకోవడంతో చాలా దేశాల్లో ఆ సైటు సుమారు రెండు గంటలు అందలేదు.

కమాండు టైపు చేసేది మాత్రం ఇంగ్లీషులోనే కనుక, ప్రతి ఉదాహరణలోనూ తెలుగు మాట పక్కనే పర్మిట్, డినై అని కూడా రాయండి.