అప్‌డేట్: మంచులోనే గ్రాండ్ కాన్యన్ చూసొచ్చాం

జనవరిలో మంచు పడుతుందంటున్నారు, అమ్మానాన్నల్ని లాస్ వేగాస్ నుంచి గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు సౌత్ రిమ్‌కి ఒక్క రోజులో తీసుకెళ్లొచ్చా అని అడిగాను కదా. వెళ్లాం. ఒకవైపే సుమారు 280 మైళ్లు, పైగా చలికాలంలో అరిజోనా టైం గంట ముందుంటుంది. అందుకే చీకట్లోనే బయల్దేరాం. దారిలో కింగ్‌మన్ ఊరి దాకా హాయిగా సాగింది. విలియమ్స్ ఊరి దగ్గర మంచు మొదలైంది, నాకు టెన్షన్ కూడా.

సౌత్ రిమ్ మీది వ్యూపాయింట్ మాథర్ పాయింట్‌లో చూస్తే అంతా తెల్లటి పొగమంచే. "దీనికోసమా ఇంత దూరం?" అన్నారు నాన్న. నేను అడిగినప్పుడు కాసేపు ఆగి చూడమన్నవాళ్లకి చాలా థాంక్స్! మధ్యాహ్నానికి మేఘాలు విడిపోయి, మంచు అంచుల కింద ఎర్రటి కొండచరియలు బయటపడ్డాయి. ఎత్తు దాదాపు 7,000 అడుగులు, చలి మామూలుగా లేదు. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి వరకు అంచు వెంబడి సాగే హెర్మిట్ రోడ్డులోకి సొంత కార్లను రానిస్తారు కాబట్టి, అమ్మ హీటర్ వదలకుండానే చాలా చూసేసింది.

రాత్రికి రోడ్డు గడ్డకట్టేలా ఉందని విలియమ్స్‌లోనే ఆగిపోయాం. వేగాస్ హోటల్ డబ్బులు దండగ, పోతే పోనీ.